మూడో వరుసలో నా సంతకం

అరసవల్లిలో మా ఇంటి ముందుగది గుమ్మం ఇరుకు. ఇంజన్ బ్లాకును స్టాండుతో సహా లోపలికి చేర్చడానికి తలుపు రెక్క ఒకటి ఊడదీయవలసి వచ్చింది. ఆ రెక్క అయిదు నెలల పాటు గోడకు ఆనించే ఉంది. ఆదివారాల్లో గుడికి వచ్చే జనం మా వీధి చివర ఆటోలు దిగి, నడుస్తూ నడుస్తూ ఆ గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి లోపలికి చూసేవారు. మంచం ఉండవలసిన చోట నాలుగు పెద్ద రంధ్రాల ఇనుప దిమ్మె, దాని మీద బియ్యం బస్తా లోపలి పాలిథిన్ సంచి. మా ఊరి గాలిలో ఉప్పు ఉంటుంది. కొత్తగా తొలిచిన సిలిండర్ గోడలు తెల్లారేసరికి ఎర్రబడతాయి. అందుకని ప్రతి సాయంత్రం నూనె పూసి, సంచి కప్పి, మూతి కట్టేవాళ్ళం.

మేము అంటే నేను, మా బావ. అమ్మకు పెద్దన్న కొడుకు, నాకంటే ఏడేళ్ళు పెద్ద. చీపురుపల్లిలో అతనికి షెడ్డు ఉంది. ట్రాక్టర్లు, కార్లు, వ్యవసాయపు మోటార్లు, ఏది తెచ్చినా కాదనడు. నేను విజయనగరంలో ఇంజనీరింగ్ పూర్తి చేశాను. చదువు కంటే వాదోపవాద పోటీల్లోనే ఎక్కువ కాలం గడిపానని మా ఇంట్లో ఫిర్యాదు. ఆ పోటీల వల్ల నాకు మాట నేర్పు వచ్చిందని అందరూ అనుకుంటారు. నాకు వచ్చింది ఒక అలవాటు మాత్రమే. ఒక సంగతి నిజమని ఎవరు చెబుతారో దాన్ని రుజువు చేయవలసిన బాధ్యత కూడా వారిదే. చెప్పినవారు ఎంత దగ్గరివారైనా ఈ నియమం సడలదు. ఈ అలవాటున్న మనిషితో కలిసి భోంచేయడం కష్టమని నాకూ తెలుసు.

కారు పాతది, చిన్నది. దాని ఇంజన్‌ను పూర్తిగా విప్పి, సిలిండర్లు పెద్దవి చేయించి, గట్టి పిస్టన్లు వేసి, గాలి దారులు చేత్తో నునుపు చేసి, పుట్టినప్పుడు దానికి లేని బలం ఇవ్వాలన్నది మా ఇద్దరి కోరిక. విశాఖ వైపు రాకపోకలు ఆపేసిన ఒక దారి మీద ఇటువంటి బళ్ళను సమయం కట్టి పరుగెత్తిస్తారు. ఒక్కసారైనా మా బండి అక్కడ నిలబడాలి. కోరిక బావది ఎక్కువా నాది ఎక్కువా అని అడిగితే చెప్పలేను.

ఈ పనిలో ఒక్క వస్తువు మాత్రం మళ్ళీ దొరకనిది. అది క్రాంకు, అంటే పిస్టన్ల కదలికను తిప్పుగా మార్చే వంకర ఇరుసు. అది ఇప్పటికే రెండుసార్లు అరిగి రెండుసార్లు సాన పట్టబడింది. మా కోసం విజయనగరంలో లేత్ వర్క్స్ నడిపే పెద్దాయన మూడోసారి సాన పట్టి ఇస్తూ చెప్పాడు.

"ఇదే ఆకర్ది బాబూ. దీనికింక సాన నేదు. ఈసారి గీత పడిందంటే తూకానికే."

ఇటువంటి ఇరుసు మరొకటి మంచి స్థితిలో దొరుకుతుందేమోనని రెండు జిల్లాలూ తిరిగాం, దొరకలేదు. తయారుచేయడం ఎప్పుడో మానేసిన బండి అది. కనుక మా పని అంతా ఈ ఇరుసు మీద ఆధారపడి ఉంది. దాన్ని జాగ్రత్తగా కడితే ఇంజన్ ఉంటుంది. ఎక్కడైనా పొరబడితే బండే లేదు.

అందుకే నేను గోడకు ఒక ఖాకీ అట్ట కాగితం అంటించి గళ్ళు గీశాను. ప్రతి కొలతా ఇద్దరం విడివిడిగా తీయాలి. ఒకరి అంకె మరొకరు చూడకూడదు. రెండూ కలిస్తే వరుస చివర ఇద్దరం సంతకం చేయాలి. కలవకపోతే గడి ఖాళీగా ఉండాలి. ఖాళీ గడి ఉండగా ఇంజన్ మూయకూడదు.

బావ ఆ కాగితం ముందు నడుం మీద చేతులు పెట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు.

"ఏటిరా ఇది? మనం కడతన్నాది ఇంజనా, రిజిస్ట్రాఫీసా?"

"ఇంజనే బావా. సాక్షి సంతకాలు ఉన్న ఇంజన్."

"మా గురువు సెవితో కట్టినాడు ఇంజన్లు. జీవితంలో ఒక్క కాయితం ముక్క ముట్టలేదు."

"ఎన్ని తిరిగొచ్చాయి?"

"ఒచ్చినవి మళ్ళీ కట్టినాడు. అదో యాపారం."

అమ్మ వంటగదిలోంచి నవ్వింది. నూలుపోగులు రాలని మెత్తని పాత పంచెలు చింపి, ఉతికి, మడతలు పెట్టి మాకు ఇచ్చేది ఆమే. ఇంజన్‌ను "మీ సామి" అనేది. మీ సామికి నూనె రాశారా, మీ సామికి సంచి కట్టారా.

బావకు న్యాయం చేయాలి కనుక చెబుతున్నాను: అంత మంచి చేతులు నేను మరెవరి దగ్గరా చూడలేదు. పిస్టన్ రింగుల కొసల మధ్య ఉండవలసిన సందును ఆకురాయితో రెండే రెండు రాపిడుల్లో సరిచేసేవాడు. నేను పన్నెండు రాపిడులు పెట్టినా అలా కుదిరేది కాదు. నా మణికట్టు పట్టుకుని, "బలం ఒద్దు, బరువు సాలు. ఆకురాయినే ఎల్లనియ్యి," అని నేర్పాడు. నేను చదువుకున్నదంతా నిజమేనని మొదటిసారి నా చేతికి తెలిసింది అతని వల్లనే. కాగితాన్ని ఎంత ఎగతాళి చేసినా ప్రతి గడీ నింపాడు. నాలుగు నెలల్లో ఆ గోడ మీద తొంభైకి పైగా సంతకాల జతలు చేరాయి. వాటిని చూసినప్పుడల్లా నాకు గర్వంగా ఉండేది. ఒక మనిషిని నేను వాదించి గెలవలేదు, ఒప్పించాను అనుకునేవాడిని.

చివరికి నాలుగు వరుసలు మిగిలాయి. పిస్టన్లను మోసే నాలుగు రాడ్లు ఇరుసును పట్టుకునే చోట్ల, ఇరుసుకూ బేరింగ్ ముక్కలకూ మధ్య ఉండవలసిన సందు. నూనె నిలిచేది అక్కడే. దాన్ని కొలవడానికి మైనపు పోగు వంటి సన్నని ప్లాస్టిక్ దారం దొరుకుతుంది. మధ్యలో పెట్టి బిగించి విప్పితే, అది ఎంత చదునుగా నలిగిందో చూసి సందు ఎంతో చెప్పవచ్చు. ఒకటి, రెండు, నాలుగు కుదిరాయి. మూడో దానిలో నా దారం మిగిలిన వాటికి రెండింతల వెడల్పున నలిగింది. సందు ఉండవలసిన దానిలో సగమే ఉంది. బావ దారం మాత్రం అన్నిటితో సమానంగా వచ్చింది.

"నువ్వు బిగువు ఎంతో చూపించే కొలత రెంచీతో బిగించావా, మామూలు దానితోనా?" అని అడిగాను.

"నా సెయ్యే కొలత రెంచీ."

"అయితే నీ దారం పూర్తిగా నలగలేదు బావా."

"నీది ఎక్కువ నలిగీసిందేమో."

మళ్ళీ చేశాం. మళ్ళీ అంతే. గడి ఖాళీగా వదిలాం. మద్రాసు నుంచి కాస్త పలుచని బేరింగ్ జత తెప్పించాలని, అది వేసి మళ్ళీ కొలవాలని నిర్ణయించాం. ఉన్న ముక్కలు తీసేముందు, వాటి అంచున సూదితో మూడు చుక్కలు పెట్టాను. నాలుగు జతలూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, కలిసిపోకూడదని.

అదే వారం నేను విజయనగరం వెళ్ళాలి. మా కళాశాల జట్టుకు నాలుగు రోజులు తర్ఫీదు ఇస్తానని మాట ఇచ్చాను. మూడో రోజు సాయంత్రం మావ, అంటే బావ తండ్రి, ఫోన్ చేశాడు.

"ఒరే, పంతులుగారు ఆదివారం పొద్దున్న మంచి గడియ పెట్టినారు. అది దాటితే మరి మూఢం వస్తాది. ఇంజన్ ఆ ఏళకి ముట్టించీయాల. నువ్వు పొద్దున్నే ఒచ్చీ."

"ఒక కొలత మిగిలి ఉంది మావా. పార్సిల్ రావాలి."

"మీ బావ సూసుకుంటాడులే. నువ్వు పిల్లలికి వాదనలు నేర్పుకో."

బావకు ఫోన్ చేశాను. పార్సిల్ సంగతి అడిగాను. అతను చెప్పిన మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"ఒచ్చింది. ఏసీసినాను. నువ్వు సెప్పిందే నిజంరా. పాత ముక్కలకి రెంచీతో బిగించి సూసినాను, నీ అంకే వచ్చింది. నాదే తప్పు. కొత్తవాటికి సరిగ్గా కుదిరింది."

నేను మా కళాశాల వసారాలో నిలబడి ఉన్నాను. లోపల నా శిష్యులు, ప్రత్యర్థి సులువుగా ఒప్పుకుంటే ఎందుకు అనుమానించాలో నేను అరగంట క్రితం చెప్పిన పాఠాన్ని రాసుకుంటున్నారు. ఆ పాఠం ఆ క్షణంలో నాకు గుర్తు రాలేదు. నాలుగు నెలల్లో మొదటిసారి బావ నా కొలత ముందు తన చేతిని తప్పన్నాడు. అది విన్న సంతోషంలో ఇంకేమీ అడగలేదు.

ఆదివారం పొద్దున్న ఇంటికి చేరేసరికి ఇంజన్ కారులో ఉంది. మావ కొత్త పంచె కట్టుకున్నాడు. అమ్మ నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది, ఇంజన్ మూత మీద పసుపు బొట్లు పెట్టింది. వీధిలో గుడికి వెళ్ళే జనం ఆగి చూస్తున్నారు. బావ పెన్ను నా చేతికి ఇచ్చి గోడ వైపు చూపించాడు. మూడో వరుసలో అతని గడిలో అంకె, సంతకం ఉన్నాయి. నా గడి ఖాళీ.

"నీదొక్కటే తరువాయి. గడియ దాటిపోతాది."

నేను కొలవని అంకెను నా గడిలో రాశాను. దాని పక్కన నా సంతకం చేశాను. ఆ కాగితం పెట్టిన మనిషిని నేను. ఆ నియమం రాసిన చేయి ఇదే.

తాళం తిప్పాను. రెండో తిప్పుకే అంటుకుంది. ఆ శబ్దం ఎలా ఉందో చెప్పడానికి నాకు ఇప్పటికీ మాట దొరకదు. మావ కొబ్బరికాయ కొట్టాడు. అమ్మ చెంగుతో కళ్ళు తుడుచుకుంది. బావ మాత్రం నా వైపు చూడకుండా నూనె మీటరు వైపే చూస్తూ ఉన్నాడు. మంచి పనివాడు కదా, అదే చూస్తాడు అనుకున్నాను.

కొత్త ఇంజన్‌ను మొదట మెల్లగా నడపాలి. రోజూ పొద్దున్నే శ్రీకూర్మం వరకు వెళ్ళి వచ్చేవాళ్ళం. నెల గడిచాక వేగం పెంచాం. ముప్పయ్యారో రోజున, తిరిగి వస్తుండగా, పొలాల మధ్య దారిలో కింద నుంచి ఒక చప్పుడు మొదలైంది. గుండిగ మీద ఎవరో గరిటెతో కొడుతున్నట్టు, వేగం పెరిగితే ఆ కొట్టుడూ పెరుగుతోంది. ఆ రోజు బండి నడుపుతున్న బావ వెంటనే ఇంజన్ ఆపేశాడు. స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు.

"మూడోదే కదా," అన్నాడు. అది ప్రశ్నలా లేదు.

నాకు అప్పటికి ఏమీ తెలియదు. నాలుగింటిలో ఏదో విప్పకుండానే అతనికి ఎలా తెలిసిందని మాత్రం అనుకున్నాను.

బండిని కట్టి లాక్కొచ్చి, మర్నాడు కింది నూనె తొట్టె విప్పాం. మూడో రాడ్డు మూత ఊడదీసినప్పుడు బేరింగ్ ముక్క నా అరచేతిలో పడింది. లోపలి వైపు పొర లేచిపోయి, రాగి రంగు బయటపడి ఉంది. వెనక వైపు తిప్పి, గుడ్డతో తుడిచాను. అంచున సూదితో పెట్టిన మూడు చుక్కలు ఉన్నాయి.

"ఇది పాతది," అన్నాను.

బావ కారు కిందికి ఇంకొంచెం జరిగాడు.

"బావా, ఇది నేను తీసేసిన ముక్క. కొత్తవి వేశానన్నావు."

"పార్సిల్ సోమారం ఒచ్చింది," అన్నాడు కింద నుంచే, కారు కింద పడుకుని, నా మొహం కనబడకుండా. "ఆదివారం గడియ. ఏటి సెయ్యమంటావు? నాన్న పంతులికి మాటిచ్చీసినాడు. అందర్నీ పిలిసీసినాడు. ఒక్క రెండు రోజులకని ఏసినాను. తరవాత మార్సీయొచ్చనుకున్నాను."

"మరి ఎందుకు మార్చలేదు?"

దానికి జవాబు ఇంటి గుమ్మంలోంచి వచ్చింది. అమ్మ లోపలికి వెళ్ళి, పూజ అరలో పటాల వెనక నుంచి ఒక చిన్న అట్టపెట్టె తెచ్చి నా ముందు పెట్టింది. సీలు కూడా తీయలేదు. దాని మీద మద్రాసు చిరునామా. మూతకు ఎవరో కుంకుమ బొట్టు పెట్టారు.

"మంచి గడియలో ముట్టించిన ఇంజన్ మళ్ళీ ఇప్పకూడదని మీ మావ అన్నాడు," అంది అమ్మ. "అదీ బాగానే నడుస్తన్నాది కదా. మరో మంచి రోజు సూసి మారుద్దామనుకున్నాం. నీకు సెప్తే నువ్వు ఊరుకుంటావా? ఆ రోజే ఇప్పీసీవోడివి."

"నీకు ఎప్పటి నుంచి తెలుసమ్మా?"

"శనివారం నుంచి."

శనివారం అంటే నేను విజయనగరంలో ఉండగా. ఆదివారం పొద్దున్న ఆమె కళ్ళు తుడుచుకున్నప్పుడు కూడా ఆమెకు తెలుసు. ముప్పయ్యారు రోజులు నేను ఆ అరకు దండం పెట్టుకుని బండి తీశాను. అందులో ముప్పయ్యయిదు రోజులు, కావలసిన వస్తువు నా ఎదురుగానే ఉంది.

నేను ఎన్నో వాదనలు సిద్ధం చేసుకున్నవాడిని. గడియ మంచిదైతే పాత ముక్కతో కూడా నడవాలి కదా, నడవకపోతే గడియ మంచిది కాదు కదా అని ఒక్క మాటతో మావను నిలవేయగలను. కానీ ఆ రోజు ఎదురుగా ఉన్నది ప్రతిపాదన కాదు. నన్ను ప్రేమించే ముగ్గురు మనుషులు, నాకు నిజం చెప్పవలసిన అవసరం లేదని ఒక్క మాట మీద కుదిరారు. నా నియమం వాళ్ళకు అర్థం కాకపోతే బాధపడేవాడిని కాదు. బాగా అర్థమైంది. అందుకే నేను లేనప్పుడు పని ముగించి, నేను రాగానే చేతికి పెన్ను ఇచ్చి, దాన్ని దాటారు. నన్ను మోసం చేయడానికి నా సంతకమే కావలసి వచ్చింది.

అమ్మను ఇంకేమీ అడగలేదు. ఆమె భోజనానికి పిలిచింది. బావ చేతులు కడుక్కుని వెళ్ళి కూర్చున్నాడు. నేను ఇరుసు విప్పడం మొదలుపెట్టాను.

రెండు రోజుల తరవాత ఇద్దరం ఇరుసును గోనె సంచిలో చుట్టి బస్సులో విజయనగరం తీసుకువెళ్ళాం. దారిలో బావ రాజాం వైపు ఎవరి దగ్గరో పాత బండి ఉందని, దాని ఇరుసు చూడవచ్చని మాట్లాడుతూ వచ్చాడు. నాకు కోపం తగ్గుతుందని, మళ్ళీ కడతామని అతని నమ్మకం. నిజం చెప్పాలంటే, చీపురుపల్లి దాటేసరికి నాకూ కొంచెం అలాగే అనిపించింది. ఆ ఇరుసు ఒక్కటి బతికితే చాలనుకున్నాను. బతికితే అతన్ని క్షమించడానికి నాకు ఒక ఆధారం దొరుకుతుంది.

లేత్ వర్క్స్ పెద్దాయన సంచి విప్పి, మూడో రాడ్డు పట్టుకునే చోట గోరు పెట్టి లాగాడు. గోరు గీతలో చిక్కింది. కొలత పరికరం తీయలేదు కూడా.

"సెప్పినాను కదా బాబూ. అయిపోనాది." తల ఎత్తి బావను చూశాడు. బావ షెడ్డు పనులన్నీ అతని దగ్గరికే వస్తాయి, ఏళ్ళ పరిచయం. "ఇంత బిగువుగా ఎలా ఒదిలీసినావురా? నీ సెయ్యి ఇలాంటి పని సెయ్యదే?"

బావ జవాబు చెప్పడానికి ఎక్కువ సమయం తీసుకోలేదు.

"కొలతలన్నీ మా వోడివే బాబాయ్. ఇంజనీరింగ్ కదా. ఆడు కొలిసి సంతకం పెట్టినాడు, నేను బిగించినాను. కాయితం ఉన్నాది, సూసుకో."

నా వైపు తిరిగి చిన్నగా నవ్వాడు కూడా, ఇంట్లో మనం మనం సర్దుకుందాంలే అన్నట్టు. అతని ఉద్దేశం నాకు అర్థమైంది. ఈ షాపులో అతని చేతికి పేరు ఉంది, దాని మీదే అతని బతుకు. నాకు ఇక్కడ పోయేదేమీ లేదు. పైగా అతను అన్నదాంట్లో ఒక్క ముక్క కూడా కాగితంతో కాదనడానికి వీల్లేదు. సంతకం నాదే.

పెద్దాయన నా వైపు చూశాడు. జాలిగా చూశాడు.

"మూడోది నేను కొలవలేదండి," అన్నాను. "మొదటిసారి కొలిచినప్పుడు బిగువుగా ఉందని చెప్పాను. కొత్త ముక్కలు రాకముందే పాతవి వేసి మూసేశారు. కొత్తవి వేశానని బావ చెబితే నమ్మి, కొలవకుండా సంతకం పెట్టాను. పెట్టడం నా తప్పు. కొలత మాత్రం నాది కాదు."

లేత్ మిషన్ తిరుగుతూనే ఉంది. పెద్దాయన ఇరుసును బల్ల మీద పెట్టి, చేతులు గుడ్డకు తుడుచుకుని, బావ మొహం చూడకుండా లోపలికి వెళ్ళాడు.

బయటికి వచ్చాక బావ రోడ్డు పక్కన నా వైపు తిరిగాడు.

"ఆ పెద్దాయన ముందు ఆ మాట అనకపోతే నీకేటి పోయీదిరా?"

నాకు జవాబు తెలుసు. అయిదు నిమిషాలు ఇస్తే అయిదు భాగాలుగా చెప్పగలను. కానీ చెప్పలేదు. అతను ఆ ప్రశ్న అడగగలిగాడంటే, గోడ మీది తొంభై సంతకాల్లో ఒక్కదాని అర్థమైనా మా ఇద్దరికీ ఎప్పుడూ ఒకటి కాదని తేలిపోయింది. వాటిలో ఎన్ని అతను నిజంగా కొలిచాడో ఇక నాకు ఎప్పటికీ తెలియదు.

"నేను ఇంక ఆయన దగ్గిర మొహం ఎలా ఎత్తుకోవాల?" అన్నాడు.

శ్రీకాకుళం బస్సు వచ్చింది. అతను ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని, పక్క సీటు మీద చేయి వేసి నాకోసం ఆపాడు. కండక్టరు ఈల వేసేదాకా అలాగే ఆపి ఉంచాడు. నేను ఎక్కలేదు.